లెగనక్కర్లేదు, లెగకూడదు

మా నర్సింగ్ బ్యాచ్‌లో జర్మనీ వెళ్దామనుకున్నవాళ్ళం ఏడుగురం. డ్యూటీ దిగి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని, ఆ నూనె చేతుల్తోనే మేడ మీద జర్మన్ క్లాసులో కూలబడేవాళ్ళం.

మోడల్ వెర్బులు, అంటే గలను, కూడదు, చెయ్యాలి లాంటివి చెప్పే సహాయక క్రియలు, ఆరు. మనకి "చెయ్యాలి" అంటే నేను చెయ్యాలి నువ్వు చెయ్యాలి వాడు చెయ్యాలి, అంతే కదా, వాళ్ళకలా కాదు, ఇష్ కాన్ (నేను చెయ్యగలను), డూ కాన్‌స్ట్, ఎర్ కాన్, వియర్ క్యోనెన్ అని మారిపోతుంది. మిగతా వెర్బులకి ఎర్ (వాడు) పక్కన "ట్" పెట్టీ పెట్టీ అలవాటైపోయి "ఎర్ కాన్‌ట్" అనేవాళ్ళం. "వీటిలో నేనూ వాడూ ఒకే కంచంలో తింటారు, ట్ వెయ్యకు" అనేవారు మేడం. ఆ ఆరింటిలో జోలెన్ ఒక్కటే బుద్ధిమంతురాలు, ఏకవచనంలో కూడా అచ్చు మారదు. అసలు వెర్బు వాక్యం చివరికి పోవడం మాత్రం మాకు హాయి, "ఇష్ ముస్ హొయ్‌టె డొయ్‌చ్ లెర్నెన్", అంటే నేను ఇవాళ జర్మన్ నేర్చుకోవాలి, అచ్చం మనలాగే నేర్చుకోవడం ఆఖర్న.

సిరిమాను పండగ మంగళవారం తొందరగా వెళ్ళిపోదామని "కాన్ ఇష్ గేయెన్?" అని అడిగాను. "వెళ్ళగలవు, కాళ్ళున్నాయి కదా. డార్ఫ్ ఇష్, వెళ్ళొచ్చా అని అడుగు, అప్పుడు చూద్దాం" అన్నారు. (పంపలేదు లెండి.)

అసలు దెబ్బ రోల్‌ప్లేలో తగిలింది. నా ఫ్రెండు ఆపరేషనయిన పేషెంటు, బెంచీ మీద పడుకుంది. మంచం దిగొద్దని చెప్పాలి నేను. ఇంగ్లీషు మస్ట్ నాట్ (కూడదు) బుర్రలో ఉంది కాబట్టి ధీమాగా "జీ మ్యూసెన్ నిష్ట్ ఔఫ్‌ష్టేయెన్" అనేశాను. అదేమో సరదాకి దబ్బున లేచి కూర్చుంది. మేడం తల పట్టుకుని, "ఒలే గుంటా, లెగనక్కర్లేదని చెప్పీసినావు, లెగకూడదని కాదు! ఇప్పుడది పడిపోతే ఎవర్దీ పూచీ? డ్యూర్ఫెన్ నిష్ట్ అనాల" అన్నారు. తెలుగులో ఆలోచించుంటే తప్పే రాదు, మనకి అక్కర్లేదు వేరు కూడదు వేరు, ఇంగ్లీషు మీదుగా వెళ్ళి బోల్తాపడ్డాను.

ఇక్కడ జర్మనీలో వార్డులో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ "డార్ఫ్ ఇష్ ఔఫ్‌ష్టేయెన్?" అంది. "నైన్, జీ డ్యూర్ఫెన్ నోఖ్ నిష్ట్ ఔఫ్‌ష్టేయెన్" అన్నాను, ఇంకా లేవకూడదమ్మా అని. రాత్రి మేడంకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. అంతా విని, "డ్యూర్ఫెన్ సరేగానీ, ఆ నోఖ్‌ని (ఇంకా) నిష్ట్‌కి ముందు పెట్టావా, తర్వాత పెట్టావా?" అన్నారు.