ఒక్కరే అమ్మే విమాన విడిభాగానికి రెండో సప్లయర్‌గా ఆమోదం: నా అనుభవం

ఒకే కంపెనీ దగ్గర కొనే విమాన విడిభాగాలకి అంత రేటు ఎందుకని బయట కూర్చుని తిట్టుకోవడం తేలిక. అదే భాగానికి రెండో సప్లయర్‌గా ఆమోదం తెచ్చుకునే పనిలోకి దిగితే జనం డబ్బు ఏ మలుపులో జారిపోతోందో కనబడుతుంది. మాది చర్లపల్లిలో చిన్న మెషినింగ్ యూనిట్. రష్యన్ మూలం ఉన్న హెలికాప్టర్‌లో ఇంజన్ కౌలింగ్ (ఇంజన్ మీద మూత) తెరుచుకునే కీలులో ఉండే హింజ్ పిన్‌కి ఆమోదం తెచ్చుకున్నాం. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో ఇలాంటి పనికి సిద్ధపడే యూనిట్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కాగితం సంగతి. ప్రభుత్వం ఒకే సంస్థని అడిగి కొనాలంటే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 166వ నిబంధన వర్తిస్తుంది. దాని కింద ఇచ్చే పీఏసీ సర్టిఫికెట్‌లో, అంటే ఈ వస్తువు ఫలానా వాళ్ల దగ్గరే కొనాలని చెప్పే పత్రంలో, మరే తయారీ ఎందుకు పనికిరాదో కారణం రాయాలి. అసలు కీలకం ఆ గడి. పాత ఫైళ్లలో అక్కడ ‘తయారీదారు భాగం, మార్పు కుదరదు’ అన్న మాటే ఏటా తిరిగి కనిపిస్తుంది. డ్రాయింగ్ మన చేతిలో లేకపోవడం ఒక కారణం, పరీక్ష చేసి ఇంకొకరిని ఒప్పుకోవడానికి ఎవరూ పూనుకోకపోవడం ఇంకో కారణం. రెండోది మనం తీర్చగలిగేది. 2020 ఆగస్టులో మొదలైన రక్షణ శాఖ సృజన్ పోర్టల్‌లో దిగుమతి భాగాల జాబితాలు ఉంటాయి. అందులో భాగం నంబరు, ఏటా వాడకం, పాత కొనుగోలు విలువ చూసుకుని ఆసక్తి తెలపాలి. వాడకం తెలియకుండా ముందుకు వెళ్లొద్దు, ఎందుకో కింద లెక్కలో చెబుతాను.

డ్రాయింగ్ ఇవ్వరు, నమూనా ఇస్తారు. ఒక్క నమూనాతో సరిపెట్టుకోకూడదు. మా పిన్ నామమాత్రపు వ్యాసం 16 మిల్లీమీటర్లు. వాడిన పిన్‌ని కొలిస్తే 15.982 వచ్చిందనుకోండి. ఎఫ్7 ఫిట్‌కి (పిన్ రంధ్రంలో ఎంత వదులుగా కూర్చోవాలో చెప్పే తరగతి) హద్దులు 15.966 నుంచి 15.984, కాబట్టి అదే అనిపిస్తుంది. కానీ ఇంకాస్త బిగువైన జీ6 హద్దులు 15.983 నుంచి 15.994. అంటే జీ6 పిన్ కాస్త అరిగినా అదే అంకె చూపిస్తుంది. అందుకే వాడని పిన్‌లు, లేదంటే బుష్ (పిన్ దూరే గొట్టం) లోపల తిరగని చోటు, అంటే తల కింద భాగం, కొలవాలి. బుష్ రంధ్రాన్ని కూడా కొలిచి జత చూడాలి. ఈ పని తొందరపడి చేస్తే, తర్వాత పరీక్షల్లో అన్నీ పాసై చివరికి హెలికాప్టర్ మీద పిన్ వదులుగా కూర్చుంటుంది.

మెటీరియల్ తేల్చడానికి, అంటే లోహంలో ఏది ఎంత ఉందో చూడడానికి, స్పెక్ట్రో పరీక్ష. కార్బన్ 0.3 శాతం దగ్గర, క్రోమియం, మాంగనీస్, సిలికాన్ ఒక్కొక్కటి ఒక శాతం చుట్టూ, నికెల్ లేకుండా వస్తే అది 30కేహెచ్‌జీఎస్‌ఏ స్టీలు. మన మార్కెట్‌లో దొరికే ఈఎన్24 దానికి దగ్గర బలమే ఇచ్చినా అది నికెల్, మాలిబ్డినం ఉన్న స్టీలు. ‘అంతకన్నా మంచిదే వేశాం’ అంటే భాగం ఎగరడానికి పనికొస్తుందో లేదో తేల్చే ఎయిర్‌వర్దీనెస్ వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మార్చాలంటే ఆ మార్పుకి వేరే సమర్థన, వేరే పరీక్షలు కావాలి. అసలు గ్రేడు తెప్పించాలంటే మిల్లు పెద్ద పరిమాణం అడుగుతుంది. తయారైన పిన్ 150 గ్రాములలోపే, కోసే ముక్క 400 గ్రాముల దగ్గర. 40 పిన్‌లకి 16 కిలోలు చాలు. అదే గ్రేడుతో చేసే ఇతర భాగాలని కలిపి ఆర్డరిస్తేనే బేరం కుదురుతుంది.

చాలామంది దెబ్బతినేది తుప్పు పట్టకుండా వేసే కాడ్మియం ప్లేటింగ్ దగ్గర. ఒక వైపు మందం 8 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే వ్యాసం మీద 16 నుంచి 24 పెరుగుతుంది. తుది కొలత ఎఫ్7 హద్దుల్లో, అంటే 15.966 నుంచి 15.984 మధ్య ఉండాలంటే గ్రైండింగ్ 15.950 నుంచి 15.960 లోపు ఆగాలి. అంటే 18 మైక్రాన్ల హద్దులో 8 ప్లేటింగే తినేసింది, గ్రైండర్‌కి మిగిలింది 10. ఆపరేటర్‌కి ఇచ్చే డ్రాయింగ్‌లో ప్లేటింగ్ ముందు కొలత వేరుగా రాయకపోతే బ్యాచ్ మొత్తం తుక్కే. ఇంకొకటి హైడ్రోజన్. ప్లేటింగ్‌లో స్టీలులోకి దూరిన హైడ్రోజన్ బయటికి పోకపోతే లోడు పడిన కొన్ని గంటలకో, రోజులకో పిన్ హెచ్చరిక లేకుండా పుటుక్కున తెగుతుంది. బలం 1,000 మెగాపాస్కల్స్ దాటిన స్టీలుకి దీని భయం ఎక్కువ. మా పిన్‌కి 880 డిగ్రీల దగ్గర ఆయిల్ క్వెంచ్, 540 దగ్గర టెంపరింగ్, బలం 1,080 దగ్గర. కాబట్టి ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లోకి వెళ్లాలి, 190 డిగ్రీల దగ్గర స్టాండర్డ్ చెప్పినన్ని గంటలు ఉండాలి. ప్లేటింగ్ షాపు బయటిదైతే, ఎన్నింటికి బాత్ నుంచి తీశారు, ఎన్నింటికి ఓవెన్‌లో పెట్టారు అన్నది వాళ్ల లాగ్‌బుక్‌లో రాసి ఉండాలి. ఆ రెండు టైములు లేని సర్టిఫికెట్‌ని మేం తీసుకోం.

పరీక్షల ప్రణాళిక ముందుగా రాసి ఆమోదించుకోవాలి. సైనిక విమాన భాగాలకి ఆమోదం ఇచ్చే సెమిలాక్ తరఫున దాని ప్రాంతీయ ఆఫీసు ఆర్‌సీఎంఏ హైదరాబాద్‌లోనే ఉంది, తనిఖీకి నాణ్యత చూసే డీజీఏక్యూఏ ప్రతినిధి వస్తారు. అదే హీట్ (ఒకేసారి కరిగించిన స్టీలు) నుంచి, అదే ఫర్నేస్ లోడులో కూపన్లు (పరీక్ష ముక్కలు) పెట్టి టెన్సైల్ (లాగితే ఎంత ఆగుతుందో), ఇంపాక్ట్ (దెబ్బకి ఎంత ఆగుతుందో) చూడాలి. ప్లేటింగ్ ముందు ప్రతి పిన్‌కీ పగుళ్లు పట్టే మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష. గాడి పెట్టిన కూపన్‌ని 75 శాతం లోడులో 200 గంటలు వేలాడదీస్తే హైడ్రోజన్ సంగతి తేలుతుంది. కొన్ని పిన్‌లని షియర్‌లో (అడ్డంగా కోసినట్టు లోడు వేసి) తెంచేస్తారు. 40 ఇవ్వాలంటే 60 దాకా చేసుకోవడం మంచిది. ప్రతినిధి రాకముందే పరీక్ష మొదలుపెడితే ఆ ఫలితం లెక్కలోకి రాదు.

ఇక డబ్బు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి గుండ్రని అంకెలు వేస్తాను. ఆమోదానికి అయ్యే ఖర్చు 6 లక్షలు, పిన్ తయారీ 1,800, పాత సప్లయర్ రేటు 9,000 అనుకుందాం. ఆర్డరు 40 అయితే ఒక్కో పిన్ మీద ఆమోదం ఖర్చే 15,000, మొత్తం 16,800. రెండో సప్లయర్ వల్ల జనానికి నష్టమే. అయిదేళ్లకి 200 అని హామీ ఇస్తే ఆ భారం 3,000కి దిగుతుంది, పిన్ 4,800కి వస్తుంది. 18 లక్షల పని 9.6 లక్షల్లో అయిపోతుంది. కాబట్టి ఒక్కరి దగ్గరే కొనడం ప్రతిసారీ తప్పు కాదు. తక్కువ వాడకం ఉన్న భాగానికి రెండో సోర్సు వెతకడం కన్నా, ఉన్న ఒక్కరి దగ్గర ఖర్చు వివరాలు అడగడమే మేలు.

అడగాల్సింది మాత్రం ముడిసరుకు, మెషిన్ గంటలు, పరీక్షలు, లాభం విడివిడిగా. కిందటి కొనుగోలు రేటుకి కొంత శాతం కలిపి ‘సమంజసం’ అని రాసేస్తే, ఆ కిందటి రేటు సమంజసమో కాదో ఎవరూ చూడనట్టే. అమెరికాలో ఇదే జరిగింది. విమాన విడిభాగాల కంపెనీ ట్రాన్స్‌డైమ్ దగ్గర కొన్న 47 విడిభాగాలని అక్కడి రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ పరిశీలించి, 46 మీద అధిక లాభం తీసుకున్నారని 2019లో తేల్చారు. 15 శాతం దాటినదాన్ని అధికం అన్నారు, మొత్తం 1.61 కోట్ల డాలర్లు. కంపెనీ ఆ డబ్బు తిరిగిచ్చింది. కొనేవాళ్లు పాత రేట్లతో పోల్చి సరిపెట్టుకోవడమే అక్కడా లోపం. ధృవీకరించిన ఖర్చు లెక్కలు తప్పనిసరయ్యే పరిమితి అప్పట్లో 7.5 లక్షల డాలర్లు, 2018 జులైలో దాన్ని 20 లక్షలకి పెంచారు. చిన్న ఆర్డర్లు దాని కిందుగా వెళ్లిపోతాయి. అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు 2024 అక్టోబరు నివేదికలో సీ-17 విమానం సబ్బు డిస్పెన్సర్‌కి మార్కెట్ ధరకి 80 రెట్లు కట్టారని వచ్చింది. సబ్బు డిస్పెన్సర్‌కి హైడ్రోజన్ పరీక్ష అక్కర్లేదు, దాని రేటుని బజారు ధరతో పోల్చి చూస్తే చాలు.

ఆమోదం పత్రం చేతికొచ్చాక ఒక పని మిగిలే ఉంటుంది. కొనే విభాగంలో ఆ భాగం నంబరుకి పాత పీఏసీ రద్దయిందా, స్టోర్స్ కోడ్‌లో రెండో తయారీదారు పేరు ఎక్కిందా అని రాతపూర్వకంగా అడగండి. ఎక్కకపోతే తర్వాతి ఇండెంట్ (కొనమని పెట్టే కోరిక) పాత పేరుతోనే వెళ్తుంది, టెండరు మన దాకా రాదు. మా పిన్ విషయంలో ఒక కొనుగోలు విభాగంలో అలాగే పాత ఎంట్రీ మిగిలిపోయింది. ఆమోదం కాపీ, భాగం నంబరు, పాత పీఏసీ తేదీ జతచేసి స్టోర్స్‌కి, ఫైనాన్స్‌కి విడివిడిగా ఉత్తరాలు పంపితేనే మారింది.