నోట్‌ప్యాడ్‌లో గళ్ళు

"అన్నా, ఇదేందన్నా, అన్నీ గళ్ళే కనపడతాండాయి" అన్నాడు మా ఆపరేటర్, పోస్ట్ ప్రాసెసర్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి. కంప్యూటర్‌లో వేసిన టూల్ దారిని మా సీఎన్‌సీ మిషన్‌కు (కోడ్‌తో నడిచే కోత మిషన్) అర్థమయ్యే కోడ్‌గా మార్చే ఫైల్ అది.

టూల్ మారే ముందు జెడ్, అంటే టూల్ పైకీ కిందికీ కదిలే అక్షం, పైకి పోవాలి. ఒక్క లైను చేర్చాలి, అంతే. కానీ ఫైల్ ఎన్‌క్రిప్ట్ చేసుంది, పైగా మా డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్సు కోసం కంప్యూటర్‌కు గుచ్చే ముక్క) నంబరుకే తాళం.

ఆ పోస్ట్ రాసిచ్చినాయన సోమవారం చూస్తానన్నాడు. అందాకా ప్రతి ప్రోగ్రామ్‌లో ఎం06 (టూల్ మార్చే కోడ్) ఎక్కడుందో వెతికి, దాని పైన జెడ్‌ను పైకి పంపే జీ91 జీ28 జెడ్0 అని చేత్తో కొట్టడమే. ఈరోజు 11 చోట్ల. ఆ తర్వాత జీ90 పెట్టి, కొలతలను మళ్ళీ సున్నా నుంచి లెక్కపెట్టించడం మర్చిపోతే ఇంకేముంది, టూల్ ఎటు దూరుతుందో!

కోపమొచ్చింది గానీ గట్టిగా అనలేకపోయా. పాత పోస్ట్‌కు తాళం లేదు. ఇక్కడ అనంతపురంలో పక్క షెడ్డాయన అడిగితే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది నేనే. అది ఎన్ని షెడ్లు తిరిగిందో.

ఆ పాతది రాసిందీ ఈయనే.