ఇలియడ్ మొదటి పాదంలో ఎక్కువైన ఒక్క మాత్ర

తొమ్మిది రోజులు! మొదటి కాండలో 611 పాదాలుంటే నేనింకా ఒకటో పాదం దగ్గరే ఉన్నా.

గురులఘువులు బళ్ళోనే నేర్చుకున్నాం, ఇలియడ్ రాసిన గ్రీకు కవి హోమర్ ఎంత అనుకున్నా. ఆ ధీమాయే ముంచింది. ఇలియడ్ ఛందస్సు హెక్సామీటర్. దానికి పాదానికి ఆరు గణాలు. మొదటి ఐదూ ఒక్కోటీ భగణమో (గురువు, రెండు లఘువులు), రెండు గురువులో. ఆరోదానికి రెండక్షరాలే. చివరి అక్షరం ఏదైనా గురువే. మొత్తం 24 మాత్రలు రావాలి. నాకు ఎప్పుడు లెక్కేసినా 25.

నా నోటుబుక్కులో ఉన్నది ఇది: మేనిన్ అఎయ్‌దె థెఆ పేలేఇఅదెఓ అఖిలేఒస్. (గ్రీకుని రోమన్ లిపిలో రాసుకోవడం శుద్ధ దండగ. వాళ్ళ ఎ-ఏ, ఒ-ఓ తేడా మన లిపిలో ఉన్నదున్నట్టు దిగుతుంది.)

మేనిన, ఎయ్‌దెథె, ఆపే, లేఇఅ. నాలుగు గణాలు నున్నగా పడ్డాయి. ఐదోది "దెఓఅ". నాలుగు మాత్రలే కదా అని కందం అలవాటులో జగణం (లఘువు, గురువు, లఘువు) వేసేశా. కందంలోనూ బేసి గణానికి జగణం పనికిరాదన్న సంగతి అప్పుడు తట్టలేదు. మిగిలిన "ఖిలేఒస్"కి ఐదు మాత్రలు. అక్షరాలు 17. అన్ని ఉండాలంటే మొదటి ఐదూ భగణాలే కావాలి, మూడోదేమో రెండు గురువులు!

అచ్చుతప్పేమోనని రెండు ప్రతులు చూశా. "థెఆ"లో ఆ హ్రస్వమేమో అనుకున్నా, కాదు. చివరికి ఒక వ్యాఖ్యానంలో దొరికింది: "దెఓ" రెండూ కలిపి ఒకే గురువు. దీన్ని సినిజేసిస్ అంటారు, అంటే "కలిసి కూర్చోవడం". సరేనని "ద్యో" అని రాస్తే సంయుక్తాక్షరం ముందున్న "అ" గురువై మళ్ళీ 25! ఇప్పుడు "దెఓ" కింద గీత గీసి ఒకే U పెడుతున్నా. ఈ "దెఓ"కి పాత రూపం "-దాఒ" అయ్యుండి, "అఖిలేఒస్" ముందు చివరి ఒ లోపించిందేమోనని నా అనుమానం. అలా చదివినా 24 వస్తాయి.



ఇలియడ్ చదువుతున్న లోబ్ శ్రేణి ఆకుపచ్చ అట్టల పుస్తకం ఇక పక్కన పెడతా. ఎదురు పేజీలో ఇంగ్లీషు కనిపిస్తుంటే కళ్ళు అటే పోతాయి. తర్వాత హోమర్‌దే ఇంకో కావ్యం, ఒడిస్సీ మొదటి పాదం. అక్కడ "మొయ్" తర్వాత అచ్చు రావడంతో దాన్ని లఘువుగా లెక్కేయాలట, 17 అక్షరాలూ న్యాయంగానే వస్తాయట. ఆదివారం కూర్చుంటా. ఆపైన లాటిన్ కవి వర్జిల్.