మా ఇంట్లో అసలు బూమర్ ఎవరు?

ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే బూమర్. మెసేజికి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటే బూమర్. ఇదీ మా పద్నాలుగేళ్ల వాడి లెక్క. నేను 1983లో పుట్టాను, మిలీనియల్‌ని (1981-96 మధ్య పుట్టిన తరం) మొర్రో అన్నా వినడు.

అసలు బూమర్లంటే 1946 నుంచి 1964 మధ్య పుట్టినవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అమెరికా సైనికులు ఇళ్లకు చేరారు. చదువులకీ ఇంటి అప్పులకీ ప్రభుత్వం సాయం చేసింది. పెళ్లిళ్లు జోరందుకున్నాయి. ఆ కాలంలో ఇక్కడ, అమెరికాలో, సుమారు 7.6 కోట్ల మంది పిల్లలు పుట్టారు. అదే 'బేబీ బూమ్'. 'బూమర్' అన్న మాట ఎత్తిపొడుపుగా మారింది చాలా తర్వాత. ఇళ్ల ధరలు, చదువు అప్పులు, వాతావరణం అన్నీ ఇలా చేసిపెట్టి మళ్లీ మాకే నీతులా అని కుర్రకారుకి ఒళ్లు మండింది. 2019లో ఎక్కడ చూసినా 'ఓకే బూమర్'. ఆ నవంబరులో న్యూజీలాండ్ పార్లమెంటులో క్లోయీ స్వార్‌బ్రిక్ అనే పాతికేళ్ల సభ్యురాలు వాతావరణ బిల్లు మీద మాట్లాడుతుంటే ఎవరో అడ్డు తగిలారు. ఆవిడ ఆ రెండు ముక్కలూ అనేసి, ఏమీ జరగనట్టు ప్రసంగం కొనసాగించింది.

పుట్టిన ఏడు చూస్తే మా ఇంట్లో బూమర్ మా నాన్న. 1955. వేసవికి వచ్చినప్పుడు మావాడు ఆయన్నీ అనేశాడు. అర్థం చెప్పించుకుని నాన్న నవ్వారు. "ఆ పిల్లలు తినగా మిగిలిందే మాకు పంపారురా" అన్నారు. 1960ల్లో ఆయన బడిలో మధ్యాహ్నం పెట్టే ఉప్మా అమెరికా నుంచి వచ్చిన గోధుమ రవ్వది. పాలూ అమెరికా పాలపొడివే. ఉండలు కట్టేవట, అయినా గ్లాసు అడుగు దాకా తాగేవాళ్లట. ఆయన సొంతిల్లు కట్టుకుంది రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో. చవగ్గా ఇల్లు కొనుక్కుని వెనకొచ్చేవాళ్లకి దారి మూసేసిన తరమని ఆయన్ని ఎలా అంటాం? తాతయ్యని మాత్రం ఆ మాట అనొద్దని గట్టిగానే చెప్పాను. నన్నంటే అనుకోనీ.

ఇప్పుడు కొత్తది పట్టాడు, 'అంక్'. అంకుల్‌కి తోక కోసేస్తే మిగిలింది. నల్లజాతి అమెరికన్ల వాడుకలోంచి వచ్చి, కాస్త వయసు మీరినట్టు కనిపించేవాడికల్లా అంటుకుంది. దీనికి మాత్రం నాకేం బాధ లేదు. అమీర్‌పేటలో కూరగాయల బండి కుర్రాడు నన్ను ముప్పై దాటకుండానే "ఏం కావాలంకుల్" అన్నాడు.