దుక్కిలో ఎర్ర ట్రాక్టర్, మూడో వారం

16×20 ఇంచుల కాన్వాస్, ఆయిల్ కలర్స్. ఆకాశం, చెట్ల వరస, దున్నిన చాళ్ళు పోయిన వారమే అయిపోయాయి, మిగిలింది మధ్యలో ట్రాక్టర్ ఒక్కటే, తిప్పలన్నీ దానితోనే.

వెనక చక్రం మూడుసార్లు గీకి తీసేశా. విడిగా చూస్తే ఎలిప్స్ (ఏటవాలుగా చూసినప్పుడు చక్రం కనిపించే కోలగుండ్రం) బానే ఉంది, కానీ బండి పక్కకి ఒరిగిపోతోంది! చివరికి అర్థమైందేంటంటే ఎలిప్స్ అడ్డకొలత, అదే చిన్న కొలత, ఇరుసు పోయే దిక్కులోనే ఉండాలి, నేనేమో ప్రతి చక్రాన్నీ గుడ్డులా నిటారుగా నిలబెట్టేశా. ఈసారి ముందు ఇరుసు గీత గీసుకుని దాని మీద వేస్తే కుదిరింది. ఇంకోటి, టైరు అడుగు పూర్తి గుండ్రంగా వేయకండి, దుక్కిలో కాస్త దిగబడి ఉంటుంది కదా, అక్కడ అంచుని మట్టి రంగుతో చెరిపేశా, వెంటనే బండికి బరువొచ్చింది.

రంగు దగ్గర ఇంకో గొడవ. కాడ్మియం రెడ్ ట్యూబ్‌లోంచి తీసింది తీసినట్టే పూశా, పచ్చటి చెట్ల ముందు స్టిక్కర్ అతికించినట్టుంది. వెనక చెట్లకి వాడిన ఆకుపచ్చే చిటికెడు ఎరుపులో కలిపితే దాని అరుపు తగ్గింది. బానెట్ పైభాగం ఆకాశాన్ని చూస్తుంది కాబట్టి అక్కడ కొంచెం నీలం తెలుపు, మడ్‌గార్డ్ అడుగున నేల వెలుగు పడుతుంది కాబట్టి బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రటి గోధుమరంగు. నలుపు ట్యూబ్ మూత తీయలేదు, టైర్లకి కూడా అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా కలిపిందే.

మధ్యలో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1844 నాటి రైలు పెయింటింగ్ ముందేసుకుని కూర్చున్నా. అందులో ఇంజన్ ముందుభాగమే కాస్త తెలుస్తుంది, మిగతా రైలంతా వానలో ఆవిరిలో కలిసిపోయింది, పట్టాల మీద పరిగెత్తే కుందేలైతే వెతికితే గానీ దొరకదు. అమెరికన్ చిత్రకారుడు గ్రాంట్ వుడ్ 1931లో వేసిన 'ఫాల్ ప్లౌయింగ్' దీనికి పూర్తి రివర్స్, ముందు ఒంటరిగా ఒక నాగలి, వెనక పొలాలేమో లేత్ మీద తిప్పినట్టు నున్నగా. నాకు టర్నర్ దారే నచ్చింది, అందుకే ట్రాక్టర్ వెనక సగాన్ని దుమ్ములో కలిపేద్దామనుకున్నా.

దుమ్ముకి మట్టి పసుపు రంగైన ఎల్లో ఆకర్‌లో తెలుపు కలిపి దాదాపు పొడి బ్రష్‌తో రుద్దాలి, కింద రంగు బాగా ఆరాకే. ఓపికెక్కడిది, రెండో రోజే రుద్దా, ఎరుపు లేచొచ్చి దుమ్ము కాస్తా గులాబీ రంగైంది. గుడ్డతో తుడిచేసి వారం ఆగి మళ్ళీ వేస్తే అప్పుడు దుమ్ములా కనిపించింది.

ఇక చాళ్ళ వెంట పురుగుల కోసం వచ్చే కొంగలు వేయాలి. ఒకటి వేశా, దూరం నుంచి చూస్తే ఎగిరొచ్చిన పాలిథిన్ కవర్‌లా ఉంది.