చప్పట్లకు చోటు లేని నాటకం

డబ్లిన్, ఆగస్టు 2025

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా డేమ్ స్ట్రీట్‌లోని ఒలింపియా థియేటర్‌కు వెళ్లి, కానర్ మెక్‌ఫర్సన్ రాసిన ‘ద వియర్’ నాటకాన్ని ఆయన దర్శకత్వంలోనే చూశాను. హాలు నిండడానికి బ్రెండన్ గ్లీసన్ పేరే కారణమనుకుంటాను. నాతో వచ్చిన ఆఫీసు కుర్రవాడు కూడా హ్యారీ పాటర్ సినిమాల్లో ఆయనను చూసిన ముచ్చటతోనే టికెట్ కొన్నాడు.

ఇందులో జరిగేది చాలా కొద్ది. ఐర్లండ్ వాయవ్యాన ఒక పల్లెటూరి పబ్బు, బయట గాలి హోరు, లోపల నలుగురు మగవాళ్లు, డబ్లిన్ నుంచి ఆ ఊరికి కొత్తగా వచ్చిన వాలెరీ. తాగుతూ కథలు చెప్పుకుంటారు. విరామం లేదు, రంగం మారదు, దయ్యాల కథలే అయినా ఏ దయ్యమూ కనిపించదు.

మొదట్లో గిన్నిస్ బీరు ట్యాపు పనిచేయక సీసాలతో సరిపెట్టుకోవడం వంటి మాటలే నడిచాయి. ఇక్కడివాళ్లు వాటికే విరగబడి నవ్వుతుంటే మా నవ్వు ఒక క్షణం వెనకబడింది. “అన్నా, అసలు కథ ఎప్పుడు మొదలవుతుంది?” అని మా కుర్రవాడు చెవిలో అడిగాడు. ముందు వరుసలో ఎవరిదో ఫోను వెలిగింది. వాళ్లను తప్పుపట్టలేను. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అని కేకవేసి మళ్లీ పాడించుకునే అలవాటు మనది. ఇక్కడ చప్పట్లకైనా సందు దొరకదు. పైగా 1997లో లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్ వారు ఒక చిన్న వేదిక మీద మొదలుపెట్టిన ఈ నాటకాన్ని ఇంత పెద్ద హాలులో వినడమే ఒక పరీక్ష.

అయితే వాలెరీ వంతు వచ్చేసరికి దగ్గులు కూడా ఆగిపోయాయి. ఈతకొలనులో మునిగి చనిపోయిన కూతురు ఆ తరువాత ఫోను చేసి, వచ్చి తీసుకెళ్లమని అడిగిందని ఆమె చెబుతుంటే, నేను ఆమెకంటే మిగతా నలుగురినే ఎక్కువగా చూశాను. అంతవరకు కొత్త మనిషి మెప్పు కోసం పోటీపడి కథలు చెప్పినవాళ్లు గ్లాసు ఎత్తడం కూడా మరిచిపోయారు. బుర్రకథలో ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నివ్వెరపోవాలో వంతలే మనకు ముందుగా చూపిస్తారు. ఇందులో ఆ పని మాట్లాడని నటులు చేస్తున్నారు. హాలు వారిని చూసే వినడం నేర్చుకుంది.

చివర గ్లీసన్ పాత్ర జాక్ చెప్పిన కథలో దయ్యమే లేదు. వదులుకున్న అమ్మాయి పెళ్లికి వెళ్లి, అక్కడ నిలవలేక ఒక బారులో కూర్చుంటే, ముక్కూమొహం తెలియని బార్‌మన్ శాండ్‌విచ్ చేసిపెట్టాడు, అంతే. శాండ్‌విచ్ అనగానే కొందరు నవ్వారు, కానీ ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. నా మటుకు నాకు ఈ రాత్రి విన్నవాటిలో ఇదే గొప్ప కథ.

బయటికి వచ్చాక, మొదటి అరగంట తీసేస్తే నాటకం బ్రహ్మాండంగా ఉండేదని మా కుర్రవాడు తీర్పు చెప్పాడు. ఆ అరగంట పిచ్చాపాటీ లేకపోతే వాలెరీ ఎవరిని నమ్మి నోరు విప్పుతుందని అడిగాను. సినిమా అయితే ఎడిటర్ ఊరుకునేవాడు కాదన్నాడు. ఆ మాట మాత్రం నిజమే.