ఇడుపులపాయ నుంచి అనంతపురానికి

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మా పాపను చేర్చి, మధ్యాహ్నం మూడు దాటాక కారు బయటికి తీశాను. ఆయనకు సెలవు దొరకలేదు కాబట్టి అనంతపురం దాకా నేనొక్కదాన్నే నడపాలి. "పొద్దు పోకముందే పో మా" అని అదే నన్ను తొందరపెట్టింది. బకెట్టు, పరుపు, నిప్పట్ల డబ్బా సర్దుకుని, ట్రంకు పెట్టెను మంచం కిందికి తోసి, తాళంచెవిని నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకుంది. మొన్నటిదాకా బడికి పోతూ తన పెన్ను ఎక్కడుందో నన్నడిగిన పిల్ల.

ఇక్కడ చేరేది పదో తరగతి అయిన పిల్లలు. ఇంటర్‌కు బదులు రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు. పల్లెల్లో బాగా చదివే పిల్లల కోసం 2008లో ఈ ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. పదో తరగతి మార్కులు చూసి సీటిస్తారు, ప్రభుత్వ బడిలో చదివిన వాళ్లకు కొంత అదనంగా కలుపుతారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్ని, మా పాపనూ మా బళ్లోనే చదివించాను. "టీచరయ్యుండి కూతుర్ని కాన్వెంటుకు పంపలేదా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. లిస్టులో దాని పేరు చూసిన రోజు ఆనందం పట్టలేకపోయాను. అయినా పదిహేనేళ్లకే పంపడం కష్టంగానే ఉంది. ఇంటర్ రెండేళ్లూ నా దగ్గరే ఉంటుందని ముందు నుంచీ అనుకుంటూ వచ్చాను మరి.

నేరుగా వేంపల్లెకు పోకుండా ముందు గండికి పోయాను. పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు అది, అక్కడ ఆంజనేయస్వామి గుడి ఉంది. శ్రావణ శనివారాల్లో ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు గానీ ఆ రోజు గుడి ఖాళీగానే ఉంది. రాముడు బాణం కొసతో బండ మీద ఆంజనేయుడి రూపం గీస్తూ ఎడమచేతి చిటికెన వేలు మిగిల్చేశాడని, తర్వాత మధ్వ స్వామి వ్యాసరాయలు ఆ వేలిని చెక్కబోతే నెత్తురు వచ్చిందని, అందుకే అలాగే వదిలేశారని చెబుతారు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో ఈ కథ. హారతి పడుతున్నంతసేపూ నా ధ్యాసంతా ఆ వేలి మీదే. పాపకు నేను నేర్పకుండా మిగిల్చినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కడుపునొప్పి వస్తే దాచుకోకుండా చెప్పడం, అలిగినా అన్నం మానకపోవడం, వద్దు అనాల్సిన చోట మొహమాటపడకుండా వద్దనడం. ఇవన్నీ ఆ రెండేళ్లలో నేర్పుదామనుకున్నవే. ఇక అక్కడి స్నేహితురాళ్లు నేర్పుతారు, లేదా దెబ్బ తగిలి తనే నేర్చుకుంటుంది. స్వామికి దండం పెట్టుకుని అదే చెప్పుకున్నాను.

పులివెందుల దాటితే అరటి తోటలు, చీనీ తోటలు. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయర్ కనబడగానే కారు పక్కకు ఆపాను. పది టీఎంసీల జలాశయం, గండికోట నుంచి కృష్ణా నీళ్లు ఎత్తిపోస్తారు. గండిలో చూసిన పాపఘ్నీ, ఈ చిత్రావతీ రెండూ కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టినవే, రెండూ కడప జిల్లాకొచ్చి పెన్నలో కలుస్తాయి. గట్టు మీద గాలి విసురుగా కొడుతోంది. అక్కడ కాసేపు ఏడ్చాను. దాని ముందు ఏడవకూడదని పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నాను.

తాడిమర్రి వైపు వచ్చేసరికి అంతా చెనిక్కాయ చేలు, వానకు ఎదురుచూస్తున్నాయి. ఆ చేలను చూస్తే మా పాప పక్క బెంచీలో కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. లెక్కల్లో మా పాపకంటే చురుకు. మార్కులు కొద్దిలో తగ్గి సీటు రాలేదు. వాళ్ల చేను కూడా ఇలాంటిదే, వాన పడితేనే పంట. అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగు పనికి పోతూ దాన్నీ తీసుకుపోతారని పోయిన వారమే విన్నాను. పాప ప్రయాణం హడావిడిలో పట్టించుకునే తీరిక లేకపోయింది. పదో తరగతి అయ్యాక మా బడి ఆడపిల్లలు ఇల్లు దాటి పోతూనే ఉన్నారు, కొందరు పెళ్లికి, కొందరు కూలికి. మా పాప చదువుకు పోయింది. ఆ రెండేళ్లు నాకు దక్కలేదని బాధపడుతున్నాను గానీ, ఆ పిల్లకు ముందున్న ఏళ్లన్నీ పోయేలా ఉన్నాయి.

బత్తలపల్లిలో టీ తాగుతూ ఆ పిల్ల వాళ్లమ్మకు ఫోన్ చేశాను.

"ఆదివారం బస్సెక్కుదామనుకుంటాండాం మేడం" అంది.

"ఆదివారం వద్దు తల్లీ, కొన్నాళ్లు ఆగండి. కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఇంటర్ కూడా ఉంది, హాస్టల్ అక్కడే, ఖర్చుండదు. సీటుందేమో నేను కనుక్కుంటా. రేపు పాపను పిల్చుకోని బడికి రా, మార్కుల లిస్టు, ఆధార్ తీసుకురా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక మొగమనిషి గొంతు వినపడుతోంది, ఎవరు ఏమిటని అడుగుతున్నాడు.

"వాళ్ల నాయన్ను గూడా పిల్చుకోనొస్తా మేడం. మీరే చెప్పండి ఆయనకు" అంది.